టిక్ మంటోంది కానీ క్లిక్ పడట్లేదు, వారంటీ ఇంకో ఐదు వారాలే

సాయంవేళ
సోమవారం, రాత్రి 10:14

నమస్తే అందరికీ. ఇన్నాళ్లూ మీరు రాసినవి చదువుకుంటూ ఊరుకున్నదాన్ని, ఇవాళ నాకే అవసరం పడింది.

ల్యాప్‌టాప్ కొని పదకొండో నెల నడుస్తోంది. ఏడాది వారంటీ, నా లెక్క ప్రకారం ఇంకో ఐదు వారాలుంది. ట్రాక్‌ప్యాడ్‌కి విడిగా బటన్లు లేవు, పలక మొత్తం కిందికి నొక్కుకునే రకం. ఎడమ మూల నొక్కితే ఒక్కోసారి క్లిక్ పడుతుంది, ఒక్కోసారి పడదు. టిక్ మని చప్పుడు మాత్రం ఎప్పుడూ వస్తుంది. కుడి మూల బాగానే ఉంది.

పడకపోతే మళ్లీ నొక్కుతాం, అంతే కదా అని మూడు నెలలు నెట్టుకొచ్చాను. అసలు తంటా లాగేటప్పుడు. నొక్కి పట్టుకుని ఫైలు లాగుతుంటే మధ్యలో వదిలేస్తుంది. మొన్న ఒక ఫోల్డర్ అలాగే దారిలో ఉన్న ఇంకో ఫోల్డర్‌లోకి జారిపోయింది. నేను చూసుకోలేదు. నలభై నిమిషాలు వెతికితే "పాత బిల్లులు" లోపల దొరికింది. నేను వీడియోలకి సబ్‌టైటిల్స్ చేస్తాను. పొద్దున లేస్తే పనంతా పట్టుకోవడం, లాగడం, వదలడమే.

సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే అక్కడ మాత్రం బుద్ధిగా పనిచేసి నా పరువు తీస్తుందేమోనని భయం. ఏం చేయమంటారు?


తొందరరావు
సోమవారం, రాత్రి 10:21

బ్రో సింపుల్. వెనక మూత తీసెయ్. ట్రాక్‌ప్యాడ్ కింద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని పావు చుట్టు తిప్పితే సెట్ అయిపోద్ది. నాది అలాగే చేశా. పది నిమిషాల పని, సర్వీస్ గిర్వీస్ ఏం అక్కర్లేదు.


సాయంవేళ
సోమవారం, రాత్రి 10:30

బ్రో కాదండీ, అక్కని. మూత తీస్తే వారంటీ పోదా?


తొందరరావు
సోమవారం, రాత్రి 10:31

సారీ అక్కా. వాళ్లకి ఎలా తెలుస్తుంది?


పాతపెట్టె
సోమవారం, రాత్రి 11:05

రావుగారూ, ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టండి. మీరు చెప్పే సర్దుబాటు స్క్రూ కొన్ని పాత మోడళ్లలో ఉంది నిజమే, అన్నిట్లో లేదు. లేనిచోట మీకు కనిపించేది పలకని బిగించిన స్క్రూ. అది తిప్పితే ఉన్న రోగానికి ఇంకోటి తోడు.

వారంటీ చేతిలో ఉండగా మూత తీయడం ఎందుకు? లోపలికి వెళ్లిన ప్లాస్టిక్ పనిముట్టు అంచున గీత వదులుతుంది, స్క్రూ తలల మీద మెరుపు పోతుంది. పద్నాలుగేళ్లు రిపేరు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి, మూత ముందే తీశారా లేదా అన్నది పట్టుకున్న నిమిషంలో చెప్పేసేవాళ్లం.

ఇక సాయంవేళ గారి సంగతి. లోపల ఏముందో కాస్త చెప్తాను, ఎందుకంటే మీరు రాసిన దాంట్లో ఒక మాట నాకు అతకలేదు.

మీ రకం ట్రాక్‌ప్యాడ్‌లో పలక కీబోర్డు వైపు అంచున బిగించి ఉంటుంది, మీ వైపు అంచు వదులుగా ఉంటుంది. తలుపుకి మడతబందు ఒక పక్కే ఉన్నట్టు. అందుకే పై అంచున ఎంత నొక్కినా కదలదు, అది లోపం కాదు. కింది అంచు మధ్యలో, పలక అడుగున, ఒకే ఒక స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్‌లో బోర్లించిన గిన్నెలాంటి చిన్న లోహపు రేకు. నొక్కితే గిన్నె లోపలికి సొట్టపోతుంది, వదిలితే తిరిగి లేస్తుంది. మీకు వినిపించే టిక్ ఆ సొట్టపడే చప్పుడు. క్లిక్ వేరు: ఆ రేకు పోయి కింద ఉన్న లోహపు చుక్కని తాకితేనే క్లిక్. రేకు అలిసిపోయినా, చిట్లినా, చుక్క మీద మురికి పట్టినా చప్పుడు వస్తుంది, కరెంటు కలవదు. టిక్ మంటోంది, క్లిక్ పడట్లేదు అన్నారే, అది సరిగ్గా ఇదే.

అతకనిది ఏమిటంటే: స్విచ్ ఒక్కటే కాబట్టి ఎడమ నొక్కినా కుడి నొక్కినా అదే మోగాలి. ఎడమా కుడా అన్నది మీ వేలు ఎక్కడుందో చూసి సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. మరి కుడి ఎలా బాగుంది? అయితే పలక ఒక పక్కకి ఒరిగి ఉండాలి, లేదా కుడి క్లిక్ మీరు రోజుకి పదిసార్లే వాడటం వల్ల తప్పింది గమనించి ఉండరు.

ఒక కాగితం తీసుకోండి. ఎడమ మూల 50 సార్లు, మధ్యలో 50, కుడి మూల 50 నొక్కండి. ఎన్ని తప్పాయో రాయండి. గట్టిగా కాదు, మామూలుగా నొక్కినట్టే.


నీలిమబ్బు
సోమవారం, రాత్రి 11:20

దానికి ముందు రెండు నిమిషాల పరీక్ష ఇంకోటి. సెట్టింగ్స్‌లో ట్యాప్ టు క్లిక్ ఆన్ చేసి, పలకని నొక్కకుండా ఊరికే తట్టండి. తట్టిన ప్రతిసారీ పడుతోందంటే వేలిని గుర్తించే భాగం బాగున్నట్టే, డ్రైవర్ (ప్యాడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కూడా చాలావరకు బాగున్నట్టే, స్విచ్ ఒక్కటే అనుమానం. తట్టినా తప్పుతోందంటే కథ వేరు. అప్పుడు చార్జర్ తీసేసి బ్యాటరీ మీద కూడా ఒకసారి చూడండి, ఎర్తింగ్ లేని చార్జర్ వల్ల స్పర్శ పలకలు పిచ్చిగా ప్రవర్తించడం మామూలే.

సాఫ్ట్‌వేర్ మీద అనుమానం పూర్తిగా తీరాలంటే పెన్‌డ్రైవ్‌లో లినక్స్ (విండోస్ లాంటి ఇంకో సిస్టం) వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా దాన్నుంచే ల్యాప్‌టాప్ ఆన్ చేయండి. ఈవ్‌టెస్ట్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, నొక్కిన ప్రతిసారీ 1, వదిలితే 0 అని తెర మీద వరుసలు రాస్తుంది. మీరు నొక్కి పట్టుకునే ఉన్నా మధ్యలో దానంతటదే 0 వచ్చిందా, ఇక వాదన లేదు. తమాషా ఏమిటంటే ఈ రకం ప్యాడ్‌లో కుడి మూల నొక్కినా ఆ ప్రోగ్రాంలో ఎడమ బటన్ అనే చూపిస్తుంది. పాతపెట్టె గారు చెప్పిన ఒకే స్విచ్ సంగతి కళ్లారా కనిపిస్తుంది.


మౌస్‌విరోధి
సోమవారం, రాత్రి 11:48

అందుకే విడి బటన్లు ఉండాలని మొత్తుకునేది. 1994లో ఆపిల్ ల్యాప్‌టాప్ పవర్‌బుక్ 500తో ట్రాక్‌ప్యాడ్ వచ్చినప్పుడు కింద నిక్షేపంలాంటి బటన్ ఉండేది. 2008లో ఆపిల్ వాళ్లు బటన్ తీసేసి పలకనే బటన్ చేశారు, అందరూ అదే దారి పట్టారు. థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల వాళ్లు కూడా మధ్యలో ఒక తరానికి పలక పైన ఉండే మూడు బటన్లని పలకలో కలిపేసి, జనం తిట్టిన తిట్లకి 2015 మోడళ్లలో మళ్లీ పెట్టారు. నేను వాటి కీబోర్డు మధ్యలో మౌస్ బదులు ఉండే ఆ ఎర్ర బొడిపె వాడతాను, బటన్ పోతే బటనే పోతుంది, పలక జోలికే పోనక్కర్లేదు.

సమస్యకి ఇది పరిష్కారం కాదని తెలుసు. కడుపుమంట చెప్పుకున్నా.


సాయంవేళ
మంగళవారం, ఉదయం 8:02

లెక్క రాశాను. ఎడమ మూల 50లో 13 తప్పాయి. మధ్యలో 9. కుడి మూల 11!

అంటే కుడి కూడా పోయింది, నేనే చూసుకోలేదు. తప్పినప్పుడు నా చెయ్యే సరిగా పడలేదనుకుని మళ్లీ నొక్కేదాన్ని కాబోలు.

తట్టడం 50కి 50 పడింది. ఎడమ మూల నొక్కేటప్పుడు ఇంకోటి గమనించాను. నేను మూలలో నొక్కట్లేదు, నాకు తెలియకుండానే వేలు మధ్యకి జరిపి, గోరు తెల్లబడేదాకా నొక్కుతున్నాను. మామూలుగా నొక్కండి అని మీరు అనకపోతే తెలిసేది కాదు.


పాతపెట్టె
మంగళవారం, ఉదయం 8:40

మూడు చోట్లా తప్పుతోంది, తట్టితే పడుతోంది. స్విచ్చే. ఇంకేం వెతకొద్దు, ఇవాళే ఫిర్యాదు నమోదు చేయండి. ఇది తగ్గే జబ్బు కాదు.


గీతలనోటుబుక్
మంగళవారం, ఉదయం 9:15

ఇంత గొడవ దేనికో అర్థం కాలేదు. ఒక మౌస్ పెట్టుకుంటే పోయేదానికి ల్యాప్‌టాప్ వదిలేసి రెండు వారాలు చేతులు ముడుచుకుని కూర్చుంటారా?


సాయంవేళ
మంగళవారం, ఉదయం 9:31

మౌస్ ఇంట్లో ఉందండీ, బల్ల దగ్గర అదే వాడతాను. రైల్లో ఒళ్లో పెట్టుకుని పనిచేసేటప్పుడు మౌస్ ఎక్కడ ఆడించను? అదీగాక డబ్బు పెట్టి కొన్నదానికి నేనెందుకు సర్దుకోవాలి, అదీ వారంటీ ఉండగా.


చిట్టిగువ్వ
మంగళవారం, ఉదయం 10:07

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాదీ బటన్ సమస్యే, కానీ వేరు. నెల రోజులుగా పలక గట్టిపడింది. ఎంత నొక్కినా కిందికి పోదు, టిక్ కూడా రాదు. ఎడమ పక్క కాస్త పైకి లేచినట్టుంది. మూడేళ్ల ల్యాప్‌టాప్. స్విచ్చేనా?


పాతపెట్టె
మంగళవారం, ఉదయం 10:11

చిట్టిగువ్వ గారూ, ఇది చదవగానే చార్జర్ పీకేయండి. షట్‌డౌన్ చేయండి. పలకని నొక్కి చూడటం ఆపేయండి.

ఆ తర్వాత ఒక స్టీలు స్కేలు తీసుకుని అంచు మీద నిలబెట్టి, చేతులు ఆనే భాగానికీ పలకకీ అడ్డంగా ఉంచండి. వెనక నుంచి ఫోన్ లైటు వేయండి. ఎక్కడ వెలుతురు వస్తోంది? మూత వేస్తే నాలుగు పక్కలా సమంగా మూసుకుంటోందా? బల్ల మీద పెడితే ఊగుతోందా?


చిట్టిగువ్వ
మంగళవారం, ఉదయం 10:26

స్కేలు ఉయ్యాల బల్లలా ఊగుతోంది. రెండు చివర్లా వెలుతురు, మధ్యలో ఆనుకుని ఉంది. మూత ముందు భాగంలో గోరు దూరేంత సందు. భయమేస్తోంది.


పాతపెట్టె
మంగళవారం, ఉదయం 10:34

బ్యాటరీ ఉబ్బింది. చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ సరిగ్గా ట్రాక్‌ప్యాడ్ కిందో దాని పక్కనో ఉంటుంది. లిథియం అయాన్ సెల్ లోపలి ద్రావణం విచ్ఛిన్నమై గ్యాస్ పుడుతుంది, సంచీలాంటి కవరు ఉబ్బి పలకని పైకి తోస్తుంది. స్విచ్ కిందికి పోవడానికి చోటెక్కడిది?

కంగారుపడి ఏమీ చేయకండి. మళ్లీ చార్జ్ పెట్టొద్దు. ఉబ్బుని నొక్కి సరిచేద్దామని చూడొద్దు, సూదితో గ్యాస్ తీయమని ఎవరైనా చెప్తే వినొద్దు, నిప్పంటుకుంటుంది. కాగితాలు, బట్టలు, పరుపు దగ్గర కాకుండా గట్టి నేల మీద, ఎండ పడనిచోట పెట్టండి. కంపెనీకి ఫోన్ చేసి "బ్యాటరీ ఉబ్బింది" అన్న మాటే వాడండి, "ట్రాక్‌ప్యాడ్ పనిచేయట్లేదు" అనకండి. చాలా చోట్ల ల్యాప్‌టాప్‌కి మూడేళ్లున్నా బ్యాటరీకి ఏడాదే వారంటీ. అయినా అడగండి, ఇది భద్రత విషయం. పాత బ్యాటరీ చెత్తబుట్టలో పడేయకూడదు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

సాయంవేళ గారూ, మీరూ ఒకసారి స్కేలు పెట్టి చూడండి. టిక్ వస్తోంది కాబట్టి మీది అది కాదనుకుంటా, కానీ చూస్తే పోయేదేముంది.


సాయంవేళ
మంగళవారం, ఉదయం 11:00

చూశాను. సందు లేదు. బతికిపోయా.


ఫోన్‌అటువైపు
మంగళవారం, మధ్యాహ్నం 1:18

నేను రెండేళ్లు కస్టమర్ కేర్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న మనిషిని. ఏ కంపెనీ అన్నది వద్దు. అటువైపు ఏం జరుగుతుందో చెప్తాను, మీకు పనికొస్తుంది.

ఫోన్ తీసిన వ్యక్తి ముందు ఒక వరుస ఉంటుంది: రీస్టార్ట్ చేశారా, డ్రైవర్ తీసి మళ్లీ వేశారా, బయాస్ (ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ చేశారా. మీకు జబ్బు ఏమిటో తెలిసినా అతను ఆ వరుస దాటలేడు. కోప్పడకుండా అన్నీ చేయండి, చేశానని ఫిర్యాదులో రాయించండి. లేకపోతే రెండోసారి ఫోన్ చేసినప్పుడు మళ్లీ మొదటినుంచీ మొదలు.

"సరిగ్గా పనిచేయట్లేదు" అంటే అతను టైప్ చేసేది "పర్ఫార్మెన్స్ ఇష్యూ". అది ఎక్కడికో పోతుంది. "నొక్కుడు బటన్ 50 సార్లలో 13 సార్లు తప్పుతోంది, తట్టితే తప్పట్లేదు" అనండి. టైప్ చేసేది అదే అవుతుంది.

ఫోన్‌లో మాట్లాడాక కూడా ఈమెయిల్ ఒకటి పెట్టండి. ఫిర్యాదు నంబర్ తీసుకోండి. వారంటీ ఆఖరి రోజులకి వచ్చేసింది కాబట్టి ఇది ముఖ్యం: మామూలుగా ఫిర్యాదు ఏ రోజు నమోదైందో అదే లెక్కలోకి తీసుకుంటారు, రిపేరు ఏ రోజు అయిందో కాదు. మీ వారంటీ షరతుల్లో ఎలా ఉందో చూసుకోండి, ఏదైనా సరే తేదీతో రాతలో ఉండాలి.

ఇంకోటి, ఇవాళే చేయండి. కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి వారంటీ ఎప్పటిదాకా చూపిస్తోందో చూడండి. మీరు కొన్న తేదీ వాళ్లకి తెలియకపోతే పెట్టె గోడౌన్ దాటిన తేదీ నుంచి లెక్కేసి ఉంటారు.


సాయంవేళ
మంగళవారం, మధ్యాహ్నం 1:50

చచ్చాను. సైట్‌లో ఇంకో పదకొండు రోజులే అంటోంది!


ఫోన్‌అటువైపు
మంగళవారం, మధ్యాహ్నం 1:55

ఏం కాదు. కొన్న బిల్లు స్కాన్ చేసి పంపండి, తేదీ సరిచేస్తారు. బిల్లు మీద సీరియల్ నంబర్ ఉంటే ఇంకా మంచిది.


తొందరరావు
మంగళవారం, సాయంత్రం 6:20

అక్కా ఒక డౌట్. కీబోర్డు మీద ఎప్పుడైనా నీళ్లు గట్రా పడ్డా చెప్పకండి, రిజెక్ట్ చేస్తారు.


పాతపెట్టె
మంగళవారం, సాయంత్రం 6:41

చెప్పకపోయినా తెలుస్తుంది నాయనా. చాలా మోడళ్లలో లోపల అక్కడక్కడా తెల్లటి చిన్న స్టిక్కర్లు అంటిస్తారు, తడి తగిలితే ఎర్రబడతాయి. పడితే పడిందని చెప్పడమే మేలు. అబద్ధం దొరికాక ఆ బల్ల మీద మన మాటకి విలువ ఉండదు.


సాయంవేళ
మంగళవారం, సాయంత్రం 7:05

నీళ్లు పడలేదు, కింద పడలేదు, పిల్లలు ఎక్కలేదు. ఫిర్యాదు నమోదైంది. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. డ్రైవర్ తీయించారు, వేయించారు, మళ్లీ తీయించారు. కోప్పడలేదు, మీరు చెప్పారని. బిల్లు పంపాను. శుక్రవారం తీసుకురమ్మన్నారు. ఇచ్చేముందు ఏం చేయాలి?


నీలిమబ్బు
మంగళవారం, రాత్రి 8:30

బ్యాకప్. బటన్ మార్చడానికి డిస్క్‌తో పనేంటి అనుకోవద్దు, వాళ్ల చేతికి వెళ్లినది ఖాళీగా తిరిగిరావచ్చు అనుకునే ఇవ్వాలి.

విండోస్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందేమో చూడండి. బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటుంటుంది, అది కాగితం మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి. బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయాస్ మార్చినా అది అడుగుతుంది. ఆ కీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫైలులో దాచుకున్న మహానుభావులు నాకు తెలుసు.

మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. "పరీక్ష" అని కొత్త ఖాతా తెరిచి, ఆ పాస్‌వర్డ్ మాత్రం చీటీ మీద రాసివ్వండి. మూత, అడుగు, నాలుగు మూలలు, తెర ఫోటోలు తీసి పెట్టుకోండి. ఉన్న గీతలు ఇప్పుడే ఫోటోలో ఉంటే రేపు కొత్త గీత ఎవరిదని కొట్లాట ఉండదు.


సాయంవేళ
సోమవారం, సాయంత్రం 5:44

తిరిగొచ్చింది. "లోపం కనబడలేదు" అని రాసిచ్చారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కానీ ఒకటి చూశాను. తీసుకునేటప్పుడు కౌంటర్‌లో కుర్రాడు నాకు చూపిస్తానని ల్యాప్‌టాప్ తెరిచాడు. "చూడండి మేడమ్, పనిచేస్తోంది కదా" అంటూ ఒక ఫోల్డర్ తెరిచాడు, మూశాడు, తెరిచాడు. పది సార్లు. నేను తెర చూడలేదు, అతని వేలు చూశాను. ఒక్కసారి కూడా నొక్కలేదు. తట్టాడు! టిక్ మని చప్పుడే లేదు. లోపల వర్క్‌షాప్‌లో చూసినవాళ్లూ అదే చేసి ఉంటారు.


పాతపెట్టె
సోమవారం, సాయంత్రం 6:10

అయ్యో, ఆ మాట నేను ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. ఈ రోజుల్లో వాళ్లకి తట్టడమే అలవాటు. నీలిమబ్బు గారి పరీక్ష కోసం ట్యాప్ ఆన్ చేశారు, అలాగే ఇచ్చేశారు. ట్యాప్ టు క్లిక్ ఆపేసి ఇవ్వండి, ఆ "పరీక్ష" ఖాతాలో కూడా. అప్పుడు నొక్కక తప్పదు.

కౌంటర్‌లోనే చూపించండి. ఫైళ్లతో వద్దు, డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట నొక్కి పట్టుకుని లాగితే నీలం పెట్టె ఒకటి గీస్తుంది కదా, అది చాలు. ఆ మూల నుంచి ఈ మూలకి మెల్లగా, గుండ్రంగా తిప్పుతూ ఉండండి. స్విచ్ వదిలేసిన క్షణం ఆ పెట్టె మాయమవుతుంది, వేలు మాత్రం నొక్కే ఉంటుంది. చూసినవాడు కాదనలేడు.


నీలిమబ్బు
సోమవారం, సాయంత్రం 6:18

అదే వీడియో కూడా తీయండి. ఒకే షాట్‌లో వేలు, తెర రెండూ కనిపించాలి, చప్పుడు వినిపించాలి. ఫ్యాన్, టీవీ ఆపేసి తీయండి, టిక్ స్పష్టంగా రావాలి. టిక్ వినిపించి తెర మీద ఏమీ జరగకపోతే అంతకన్నా సాక్ష్యం ఏముంది. కోయకుండా, అతికించకుండా నిమిషం చాలు.


ఫోన్‌అటువైపు
సోమవారం, రాత్రి 7:02

కొత్త ఫిర్యాదు పెట్టకండి, పాత నంబర్‌నే మళ్లీ తెరిపించండి. "మొదటిసారి పరిష్కారం కాలేదు" అన్న గుర్తు దానికి పడుతుంది, పైవాళ్ల కంట్లో పడేది అలాంటివే. కొత్తది పెడితే మీరు కొత్త కస్టమర్.

జాబ్ షీట్‌లో, అంటే రిపేరుకి తీసుకునేటప్పుడు వాళ్లు రాసే కాగితంలో, సమస్య దగ్గర వాళ్ల మాట కాదు, మీ మాట రాయించండి. రాశాకే సంతకం.


సాయంవేళ
బుధవారం, మధ్యాహ్నం 12:20

రాసిచ్చాడు: "నొక్కి లాగుతుండగా వదిలేస్తోంది, 50లో 13, ట్యాప్ ఆపి చూడాలి." నీలం పెట్టె నాలుగో చుట్టులో మాయమైంది. కుర్రాడు "ఒకసారి నేను చూస్తా మేడమ్" అని తనే తిప్పాడు, రెండో చుట్టులోనే పోయింది. నవ్వేశాడు పాపం. ల్యాప్‌టాప్ వాళ్ల దగ్గరే ఉంది. పార్ట్ రావాలట.


మౌస్‌విరోధి
బుధవారం, మధ్యాహ్నం 12:45

అంతదాకా మౌసేనా గతి?


సాయంవేళ
బుధవారం, మధ్యాహ్నం 12:52

పాత ల్యాప్‌టాప్ ఉంది. దానికి విడి బటన్లు, కుళ్లుకోండి.


చిట్టిగువ్వ
శుక్రవారం, ఉదయం 9:30

నా సంగతి: కంపెనీ వాళ్లు మొదట బ్యాటరీ వారంటీ అయిపోయిందన్నారు. ఫోటో, స్కేలు వీడియో పంపితే తీసుకురమ్మన్నారు. బ్యాటరీ డబ్బులు మాత్రం నేనే కట్టాను. కొత్తది వేయగానే ట్రాక్‌ప్యాడ్ దానంతటదే సరిగ్గా కూర్చుంది, క్లిక్ కూడా పడుతోంది. నెల రోజులు దాన్ని బొటనవేలితో అదిమిపెట్టి నొక్కాను, తలచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. పాతపెట్టె గారికి వేయి దండాలు.


పాతపెట్టె
శుక్రవారం, ఉదయం 9:48

క్షేమం కదా, అది చాలు. పలక ఒక అంచున వంగిందేమో ఆ స్కేలుతోనే ఇంకోసారి చూసుకోండి.


సాయంవేళ
శుక్రవారం, రాత్రి 8:15 (ఇంకో వారం తర్వాత)

వచ్చింది! ట్రాక్‌ప్యాడ్ ఒక్కటే విడిగా రాదట, కీబోర్డుతో సహా పై భాగం మొత్తం మార్చారు. అక్షరాలు అరిగిన పాత మీటలు పోయి కొత్తవి వచ్చాయి, లాభమే. 50కి 50, మూడు చోట్లా. నీలం పెట్టె ఇరవై చుట్లు తిప్పినా పోలేదు, చెయ్యే నొప్పి పుట్టింది.

ఒక్కటే, వేలిముద్రతో లాగిన్ పనిచేయట్లేదు. ఏమైనా కొత్త గొడవా?


నీలిమబ్బు
శుక్రవారం, రాత్రి 8:22

కాదు. వేలిముద్ర రీడర్ ఆ పై భాగంలోనే ఉండి ఉంటుంది, అదీ కొత్తదే. సెట్టింగ్స్‌లో పాత ముద్రలు తీసేసి మళ్లీ పెట్టుకోండి.


పాతపెట్టె
శుక్రవారం, రాత్రి 8:50

సంతోషం. ఇవాళే చూడాల్సినవి చూసేయండి, మూత మొత్తం విప్పారు కాబట్టి. ప్రతి మీటా, కీబోర్డు లైటు, రెండు స్పీకర్లు, కెమెరా, అన్ని పోర్టులు, వైఫై పక్క గదిలో కూడా అందుతోందా అన్నది. యాంటెన్నా తీగ తగిలించడం మర్చిపోతే రౌటర్ పక్కన బాగానే ఉంటుంది, గది మారితే చస్తుంది. అడుగున స్క్రూలు లెక్కపెట్టండి. చేతులు ఆనే భాగం మీద అరచెయ్యి పెట్టి మెల్లగా రాయండి, ఎక్కడైనా చిన్న బొడిపె తగిలితే పొట్టి స్క్రూ చోట పొడుగు స్క్రూ బిగించారని అర్థం. అది లోపల నుంచి పొడుస్తూ ఉంటుంది, ఒక్కోసారి ట్రాక్‌ప్యాడ్ మీదకే.

జాబ్ షీట్‌లో మార్చిన పార్ట్ పేరు ఉందా? ఆ కాగితం జాగ్రత్త. చాలా కంపెనీలు మార్చిన పార్ట్‌కి 90 రోజులో, మిగిలిన అసలు వారంటీయో, ఏది ఎక్కువైతే అది ఇస్తాయి. మీకు మిగిలింది రెండు వారాలే కాబట్టి ఆ 90 రోజులు మీకు పనికొస్తాయి.


సాయంవేళ
శుక్రవారం, రాత్రి 9:24

స్క్రూలు పది, పదీ ఉన్నాయి. బొడిపె లేదు. వైఫై వంటింట్లో కూడా వస్తోంది. పార్ట్ పేరు రాసి ఉంది, ఫోటో తీసి పెట్టుకున్నా.

వేలు మాత్రం ఇంకా మధ్యకే పోతోంది. మూలలో నొక్కితే చాలని దానికి ఎవరు చెప్పాలో. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "వేలు ఎలా నొక్కుతోందో చూసుకో" అన్నవాళ్లకి.


తొందరరావు
శుక్రవారం, రాత్రి 10:40

కంగ్రాట్స్ అక్కా. పాతపెట్టె గారూ, ఒక చిన్న డౌట్. అప్పుడు నాది విప్పి బిగించాక ఒక స్క్రూ మిగిలింది. పనిచేస్తోంది కదా అని డ్రాయర్‌లో పడేశా. ఇప్పుడు మీరు రాసింది చదివి ట్రాక్‌ప్యాడ్ పక్కన చెయ్యి పెట్టి చూస్తే ఏదో బొడిపెలా తగులుతోంది.


పాతపెట్టె
శుక్రవారం, రాత్రి 10:47

మిగిలింది పొట్టిదా, పొడుగుదా?


తొందరరావు
శుక్రవారం, రాత్రి 10:49

పొట్టిది.


పాతపెట్టె
శుక్రవారం, రాత్రి 10:52

షట్‌డౌన్ చేసి, అడుగున ఆ బొడిపెకి సరిగ్గా ఎదురుగా ఉన్న స్క్రూ తీసి, ఆ పొట్టిది అక్కడ బిగించండి. బయటికి వచ్చిన పొడుగుది, ఖాళీగా ఉన్న కన్నం ఎక్కడుందో వెతికి అందులో పెట్టండి. మూత మాత్రం తీయకండి.